మూటలో వచ్చిన 19 టాపెట్లు: చూపుతో ఎంతవరకు తేల్చగలిగాం

తెనాలి దగ్గర పల్లెలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు తన తండ్రిగారి అంబాసిడర్ ఇంజన్‌ని ట్రాలీ ఆటోలో వేసుకుని విజయవాడ ఆటోనగర్‌లోని మా షెడ్డుకు వచ్చారు. మార్క్ 4 పెట్రోలు బండి, 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) ఇంజన్. ఆ బండి నాలుగేళ్లు కదలకుండా పాకలో నిలబడి ఉంది. తర్వాత బాగు చేయిద్దామని వేరే చోట ఇచ్చారు. అక్కడ ఇంజన్ మొత్తం విప్పాక పని మధ్యలో ఆగిపోయింది. మా దగ్గరికి వచ్చేసరికి బ్లాకు ఒకటి, వాల్వులతో సహా హెడ్డు ఒకటి, పాత పేపర్లో చుట్టిన క్యామ్ షాఫ్ట్ (కోడిగుడ్డు ఆకారపు లోబ్‌లున్న కడ్డీ) ఒకటి, మిగతా చిన్న సామానంతా గోనెసంచిలో ఉంది. సంచి అడుగున ఒక నూనె డబ్బా, అందులో టాపెట్లు, అంటే వాల్వులను తెరిపించే చిన్న ఇనుప ముక్కలు. లెక్కపెడితే 19 తేలాయి. ఈ ఇంజన్‌కి కావలసినవి 8.

"అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ. మంచివి ఎనిమిది ఏరి వేసేయండి" అన్నారు మాస్టారు.

"మాస్టారూ, ఇవి మేకుల్లాంటివి కావు. ఏ టాపెట్ ఏ లోబ్ మీద అరిగిందో దాని మీదే వెయ్యాలి. రెండు రోజులు టైమివ్వండి, ఎంతవరకు తెలుస్తుందో చూసి చెప్తాను" అన్నాను.

ఆ రెండు రోజుల్లో ఏం చూశామో, ఏది తెలిసిందో, ఏది తెలియలేదో ఇక్కడ రాస్తున్నాను. పాత ఇంజన్లు విప్పేవాళ్లకి, పాత సామాను కొనేవాళ్లకి పనికొస్తుంది.

పుస్తకాల్లో లిఫ్టర్ అంటారు, షెడ్డులో టాపెట్ అంటాం. క్యామ్ లోబ్ తిరిగినప్పుడు దీన్ని పైకి తోస్తుంది, ఇది పుష్ రాడ్‌ని, పుష్ రాడ్ రాకర్‌ని, రాకర్ వాల్వ్‌ని కదిలిస్తాయి. ఫ్లాట్ టాపెట్ అని పేరే గానీ దాని అడుగు నిజంగా చదునుగా ఉండదు. మధ్యలో ఒకటి రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతు) మాత్రం ఉబ్బి ఉంటుంది. లోబ్ కూడా టాపెట్‌కి సరిగ్గా నడిమధ్యన తగలదు, కాస్త పక్కకు తగులుతుంది. అందుకే లోబ్ నెట్టిన ప్రతిసారీ టాపెట్ పైకి లేవడమే కాదు, తన చుట్టూ తాను కొంచెం తిరుగుతుంది కూడా. అలా తిరుగుతున్నంత కాలం అరుగుదల అడుగంతా సమానంగా పరుచుకుంటుంది. తిరగడం ఆగిందంటే ఒక్కచోటే రాపిడి పడి, కొద్ది రోజుల్లోనే టాపెట్టూ పోతుంది, లోబూ పోతుంది. పాత టాపెట్ అడుగు చూసినప్పుడు నేను మొదట వెతికేది ఈ ఒక్క ప్రశ్నకి జవాబే: ఇది తిరిగిందా, తిరగలేదా?

ముందు పరాయివాటిని పక్కన పెట్టాం. రెండింటికి పైన అడ్జస్టింగ్ బోల్టు ఉంది. అవి పాత పెట్రోలు జీపు ఎగ్జాస్ట్ టాపెట్లు. ఆ ఇంజన్లో ఎగ్జాస్ట్ వాల్వులు బ్లాకులోనే పక్కన ఉంటాయి కాబట్టి సెట్టింగ్ బోల్టు టాపెట్ మీదే పెట్టారు. ఇంకోటి హైడ్రాలిక్‌ది, అంటే లోపలి నూనె ఒత్తిడితో తనంతట తానే సర్దుకునే రకం. దాని పక్కన నూనె చిల్లు, నడుము దగ్గర సన్నని గాడి, పైన లోపలి అంచుకి తీగలాంటి సర్క్లిప్, దాని కింద ప్లంజర్ ఉన్నాయి.

చిల్లు ఉంది కాబట్టి హైడ్రాలిక్ అనుకుంటే పొరపాటే. మాకు తెలిసినవాళ్ల అబ్బాయి టెక్సస్‌లో పాత షెవర్లే వీ8 ఒకటి బాగు చేసుకుంటూ ఫొటోలు పంపుతుంటాడు. "బాబాయ్, ఇది సాలిడ్డా, హైడ్రాలిక్కా?" అని అడిగాడు ఒకసారి. ఆ ఇంజన్లకి వచ్చే సాలిడ్ (లోపల ఏదీ కదలని) లిఫ్టర్లకి కూడా చిల్లు, గాడి, సర్క్లిప్ అన్నీ ఉండొచ్చు. పుష్ రాడ్ పెట్టి లోపలికి నొక్కి చూడమన్నాను. దిగితే హైడ్రాలిక్. దిగకపోయినా వెంటనే సాలిడ్ అని చెప్పకూడదు, లోపల నూనె నిండి ఉంటే కాసేపు గట్టిగానే ఉంటుంది. అలాగే ఏ కంపెనీదో తెలియని అమెరికన్ లిఫ్టర్ చేతికొస్తే ముందు నడుము వ్యాసం కొలవాలి. స్మాల్ బ్లాక్ షెవర్లేది 0.842 అంగుళం, ఫోర్డ్ వీ8ది 0.875, క్రైస్లర్‌ది 0.904. కంటికి మూడూ ఒకేలా ఉంటాయి, మైక్రోమీటర్‌కి ఉండవు.

మన కథకి వస్తే, మిగిలిన 16 బీఎంసీ రకం టాపెట్లే. పొడుగాటి గిన్నెలా బోలుగా ఉంటాయి, నడుము 13/16 అంగుళం, అంటే 20.64 మి.మీ. అద్దం పలక మీద వరసగా నిలబెడితే రెండు మిగతావాటికన్నా పొట్టిగా కనిపించాయి. నడుము మాత్రం అదే. ఎవరైనా చూసుకోకుండా వేస్తే బోరులోకి (బ్లాకులో టాపెట్ కూర్చునే రంధ్రంలోకి) చక్కగా దిగుతాయి, పుష్ రాడ్ మాత్రం అందదు. వాటిని తీసేస్తే 14 మిగిలాయి. అంటే రెండు ఇంజన్ల టాపెట్లు కలిసిపోయాయి.

ఇక్కడ ఒక నష్టం జరిగింది. నేను ఫోన్లో ఉండగా మా కుర్రాడు అలవాటు కొద్దీ ఆరింటిని డీజిల్లో వేసి బ్రష్‌తో కడిగేశాడు. వాడి తప్పు కాదు, ముందే చెప్పాల్సింది నేను. విప్పిన సామాను కడగడం మంచి అలవాటే. కానీ ఏది ఎక్కడిదో గుర్తుపట్టాల్సి ఉన్నప్పుడు మురికే మనకి సాక్ష్యం. టాపెట్ ఒంటి మీద చిక్కటి టీ మరకలాంటి గోధుమరంగు పొర కడుతుంది. ఎంత చిక్కగా కట్టింది, ఏ రంగులో ఉంది అనేది ఆ ఇంజన్ తాగిన ఆయిల్‌ని బట్టి, ఎంత వేడెక్కిందనే దాన్ని బట్టి ఉంటుంది. బ్లాకులో టాపెట్లు ఉండే గది గోడల మీద కూడా అదే పొర ఉంటుంది. మాస్టారి బ్లాకు పక్క మూతల లోపల చూస్తే ముదురు గోధుమరంగు. కడగని ఎనిమిదిలో ఐదింటికి అదే రంగు ఉంది. మూడింటికి పొర దాదాపు లేదు, బూడిద రంగు ఇనుము కనబడుతోంది. ఆ మూడూ వేరే బండివని అప్పుడే అనుకున్నాం.

కడిగేసిన ఆరింటి సంగతి తేల్చింది తుప్పు. నాలుగేళ్లు నిలబడిపోయిన ఇంజన్లో టాపెట్ కింది భాగం బోరులో నూనెతో దాక్కుని ఉంటుంది, పై భాగం మాత్రం గదిలో గాలికి ఉంటుంది. బ్రీదర్ (ఇంజన్ ఊపిరి గొట్టం) గుండా వచ్చే తేమ ఆ పై భాగాన్నే పట్టుకుంటుంది. బోరు అంచు ఎక్కడుందో సరిగ్గా అక్కడ ఒంటి చుట్టూ సన్నని గీత పడుతుంది. పొర డీజిల్‌కి పోతుంది గానీ ఈ గీత పోదు, ఇనుములోకి దిగి ఉంటుంది. పగటి వెలుతురులో ఒక్కొక్కటి వేళ్ల మధ్య తిప్పి చూశాం. కడిగిన ఆరింటిలో మూడింటికి గీత ఉంది, మూడింటికి లేదు. కడగని ఐదు గోధుమరంగువాటికీ గీత ఉంది. ఐదూ మూడూ ఎనిమిది. మాస్టారి బండి టాపెట్లు ఎనిమిదీ దొరికాయి. మిగతా ఆరు ఎప్పుడూ నడుస్తూ ఉన్న ఏదో బండివి.

గీతలు పోల్చి చూస్తుంటే మా కుర్రాడే కనిపెట్టాడు. "బాబాయ్, ఈ రెండింటికి గీత కిందకి ఉందేంటి?" అన్నాడు. నిజమే. ఆరింటికి గీత ఒకే ఎత్తులో ఉంది. రెండింటికి మాత్రం అంతకన్నా 5, 6 మి.మీ. కింద ఉంది. నాకు అసలు పని ఇక్కడే మొదలైంది. గీత కిందకి ఉందంటే, బండి నిలబడిన నాలుగేళ్లూ ఆ రెండు టాపెట్లూ లోబ్ మీదికెక్కి పైకి లేచి ఉన్నాయన్నమాట. అంటే ఆ రెండు వాల్వులు తెరుచుకుని ఉన్నాయి.

నాలుగు సిలిండర్ల ఇంజన్ ఆఫ్ చేసినప్పుడు మామూలుగా పిస్టన్లు సగం దారిలో ఆగుతాయి. ఆ స్థితిలో ఒక సిలిండర్ పవర్ మీద, ఒకటి కంప్రెషన్ మీద ఉంటాయి, ఆ రెండింటిలో వాల్వులన్నీ మూసుకునే ఉంటాయి. ఇంకోదానిలో ఎగ్జాస్ట్ తెరుచుకుని, మరోదానిలో ఇన్‌లెట్ తెరుచుకుని ఉంటుంది. అంటే లేచి ఉండేవి రెండే టాపెట్లు, ఒక ఎగ్జాస్ట్, ఒక ఇన్‌లెట్. మన దగ్గర కిందకి గీత ఉన్నవీ రెండే. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) 1-3-4-2. ఈ ఆర్డర్‌తో లెక్కేస్తే నాలుగు జతలే కుదురుతాయి: ఒకటో సిలిండర్ ఎగ్జాస్ట్‌తో రెండోదాని ఇన్‌లెట్, మూడోదాని ఎగ్జాస్ట్‌తో ఒకటోదాని ఇన్‌లెట్, నాలుగోదాని ఎగ్జాస్ట్‌తో మూడోదాని ఇన్‌లెట్, రెండోదాని ఎగ్జాస్ట్‌తో నాలుగోదాని ఇన్‌లెట్.

ఏ జతో చెప్పింది బ్లాకు. వాల్వ్ తెరిచి ఉన్న సిలిండర్లోకి నాలుగేళ్లు తేమ పోతూనే ఉంటుంది, మూసి ఉన్నదానిలోకి అంతగా పోదు. సిలిండర్ బోర్లు ఇంకా ఎవరూ ముట్టుకోలేదు. 2, 4 సిలిండర్ల గోడలు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి, 1, 3 నల్లగా నూనె మరకతో శుభ్రంగా ఉన్నాయి. హెడ్డు నుంచి వాల్వులు విప్పి సీట్లు కూడా చూశాం. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ సీటు మీద, నాలుగోదాని ఇన్‌లెట్ సీటు మీద తుప్పు ఉంది. మిగతా ఆరు సీట్లకి లేదు. ఈ ఇంజన్లో వాల్వులు ముందు నుంచి ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్, మళ్లీ ఎగ్జాస్ట్, ఇన్‌లెట్, ఇన్‌లెట్, ఎగ్జాస్ట్ వరసలో ఉంటాయి. కాబట్టి కిందకి గీత ఉన్న రెండు టాపెట్ల స్థానాలు 4, 7. ఇన్నేళ్ల పనిలో తుప్పు నాకు ఇంత మేలు చేయడం అదే మొదటిసారి.

ఆ రెండింటిలో ఏది 4, ఏది 7 అనేది అడుగు తిప్పి చూడగానే తేలిపోయింది. ఒకదాని అడుగు మీద గుండ్రటి వలయాలు, తిరగలి రాయి మీద పడ్డట్టు, ఒకదాని చుట్టూ ఒకటి ఉన్నాయి. అది హాయిగా తిరిగిన టాపెట్. రెండోదాని అడుగు మీద వలయం ఒక్కటీ లేదు. అడ్డంగా పట్టీలాగా మెరుపు, ఆ పట్టీలోనే ప్రమిదలా పల్లం, పల్లం అంచున పెచ్చులు లేచిన గుంటలు ఉన్నాయి. వేలిగోరు ఆ గుంటల్లో ఆగుతోంది. క్యామ్ షాఫ్ట్ తీసి చూస్తే నాలుగో లోబ్ ముక్కు గుండ్రంగా అరిగిపోయి, టాపెట్ పట్టీ ఎంత వెడల్పుందో అంతే వెడల్పున గరుకు తేలి ఉంది. మాస్టారు మొదట్లో ఒక టకటక చప్పుడు గురించి చెప్పారు, అది ఇదే. టాపెట్ సెట్టింగ్ (రాకర్‌కీ వాల్వ్‌కీ మధ్య సందు సరిచేయడం) ఎన్నిసార్లు చేయించినా వారం తిరిగేసరికి మళ్లీ వచ్చేదన్నారు. రాకర్ దగ్గర ఎంత బిగించినా కింద లోబ్ కరిగిపోతుంటే చప్పుడు ఎలా ఆగుతుంది?

ఆ నాలుగో టాపెట్ ఒంటిని కూడా చూడాలి. మిగతావాటి ఒళ్లు చుట్టూ ఒకేలా మసకగా మెరుస్తున్నాయి. దీనికి పైన ఒక పక్క, కింద దానికి ఎదురు పక్క మాత్రమే అద్దంలా మెరుపు, నిలువు గీతలు ఉన్నాయి. అంటే బోరులో ఒరిగి పనిచేసింది. బ్లాకులో నాలుగో బోరులోకి టార్చి వేస్తే పై అంచున ఒక చిన్న దెబ్బ, దాని పక్కన గట్టిపడిన పొర కనిపించాయి. ఎప్పుడో ఎవరో టాపెట్‌ని పైకి లాగేటప్పుడు స్క్రూడ్రైవర్‌తో కెలికినట్టుంది. ఆ లేచిన ఇనుము టాపెట్‌ని తిరగనివ్వలేదు. బోరు సరిచేయకుండా ఎన్ని కొత్త టాపెట్లు వేసినా నాలుగోది మళ్లీ పోయేదే.

మిగిలిన ఆరింటిలో మాత్రం స్థానాలు తేలలేదు. వాటి గీతలు ఒకే ఎత్తులో ఉన్నాయి, రంగూ ఒకటే. సిలిండర్ ఒత్తిడికి ఎదురుగా తెరవాలి కాబట్టి ఎగ్జాస్ట్ టాపెట్లు కాస్త ఎక్కువ అరగొచ్చు. దాన్ని పట్టుకుని మూడింటిని అటు, మూడింటిని ఇటు పెట్టే ప్రయత్నం చేశాను. ఒక గంట కూర్చున్నాక మానేశాను. అది గుర్తుపట్టడం కాదు, ఊహించడం. పుష్ రాడ్ గుండు కూర్చునే లోపలి గుంటలో టార్చి వేసి, అక్కడి మెరుపు వలయంతో పుష్ రాడ్లని జతచేయొచ్చా అని కూడా చూశాను. జతలు కొన్ని కుదిరినట్టే అనిపించాయి. కానీ పుష్ రాడ్లు కూడా కలిసిపోయే వచ్చాయి, వాటి స్థానం తెలియనప్పుడు జత దొరికినా ఉపయోగం లేదు.

స్థానం పక్కన పెట్టి మంచీ చెడూ చూశాం. రెండు టాపెట్లని అడుగుకి అడుగు ఆనించి మెల్లగా ఊపితే ఊగాలి, ఉబ్బు మిగిలి ఉందని అర్థం. ఊగకుండా అతుక్కుపోయినట్టు కూర్చుంటే ఉబ్బు అరిగిపోయింది. తర్వాత స్టీలు స్కేలు అంచుని అడుగు మీద నిలబెట్టి వెలుతురుకి పట్టి చూడాలి. రెండు చివర్లా సన్నని వెలుగు కనిపిస్తే మంచిది, మధ్యలో కనిపిస్తే పల్లం పడింది. ఇలా చూస్తే ఎనిమిదిలో నాలుగోది పూర్తిగా పోయింది. ఇంకో రెండింటి అంచు దగ్గర సూది మొనంత పిట్టింగ్ (గుంటలు పడటం) మొదలైంది, భూతద్దంతో గానీ కనబడలేదు. మరో రెండింటికి ఉబ్బు పోయి చదునైపోయాయి. ఏడోదానితో కలిపి మూడు కంటికి బాగున్నాయి.

"ఆ మూడూ వాడుకోవచ్చు కదండీ?" అని అడిగారు మాస్టారు. న్యాయమైన ప్రశ్నే, అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, టాపెట్ దొరకడమే కష్టంగా ఉంది. అయినా వద్దన్నాను. నాలుగో లోబ్ పోయింది కాబట్టి క్యామ్ షాఫ్ట్ గ్రైండింగ్‌కి ఇవ్వక తప్పదు. గ్రైండ్ చేసిన లోబ్ మీద పాత అడుగున్న టాపెట్ వేయకూడదు, పాత అరుగుదల కొత్త లోబ్‌ని తినేస్తుంది. పైగా చూపుతో ఒక టాపెట్ పోయిందని చెప్పగలను గానీ, బాగుందని మాత్రం ఒట్టేసి చెప్పలేను. పిట్టింగ్ పైకి కనబడకముందే లోపల పగులు మొదలై ఉంటుంది.

క్యామ్ గ్రైండింగ్‌కి వెళ్లింది. టాపెట్ల కోసం పాత స్టాకు ఉన్న కొట్లు తిరిగాం. ఒకచోట పెట్టెలో ఎనిమిది దొరికాయి, కొత్తవే అన్నారు. ఇంటికి తెచ్చి అన్నీ అడుగు పైకి పెట్టి చూస్తే ఏడింటికి ఫ్యాక్టరీ గ్రైండింగ్ మసక ఒకేలా ఉంది. ఎనిమిదోదాని అడుగు మిగతావాటికన్నా ఎక్కువ మెరుస్తోంది. ఆ మెరుపులో తిన్నగా ఒకే దిక్కుకి వెళ్లే సన్నని గీతలు, ఎమరీ పేపర్ గీతలు. అంచు వాడిగా లేదు, మొద్దుబారింది. లోపలి గుంటలో పుష్ రాడ్ వలయం స్పష్టంగా ఉంది. వాడినదాన్ని రుద్ది కలిపారు. అడుగు ఎంత రుద్దినా లోపలి గుంటని ఎవరూ రుద్దరు. పాత సామాను కొనేటప్పుడు టార్చి తీసుకెళ్లమని నేను చెప్పేది అందుకే. మాస్టారు స్వయంగా వెళ్లి చూపించగానే కొట్టతను మారు మాట్లాడకుండా వేరేది ఇచ్చాడు.

బోరు పై అంచు దెబ్బని చేత్తో సున్నితంగా సరిచేసి, ఎనిమిది టాపెట్లూ ఎనిమిది బోర్లలో సొంత బరువుకి మెల్లగా దిగేలా చూసుకున్నాం. అడుగులకీ లోబ్‌లకీ మాలీ పేస్ట్ (రాపిడి తగ్గించే మాలిబ్డినం పేస్ట్) రాశాం. పుష్ రాడ్లు వేశాక పక్క మూతలు బిగించకుండానే, ప్రతి టాపెట్ పై అంచున మార్కర్‌తో చుక్క పెట్టి, క్రాంక్‌ని చేత్తో తిప్పుతూ కూర్చున్నాం. ఏడు చుక్కలు త్వరగానే కదిలాయి. నాలుగోది నెమ్మదిగా కదిలింది, కానీ కదిలింది. ఆ చుక్క మా కుర్రాడి వైపుకి వచ్చేదాకా నేను తిప్పడం ఆపలేదు.

ఆయిల్ విషయంలో ఒక మాట. ఫ్లాట్ టాపెట్‌కి ఆయిల్లో జింక్, ఫాస్ఫరస్ ఉండాలి. క్యాటలిటిక్ కన్వర్టర్లు (సైలెన్సర్ దారిలో పొగని శుభ్రం చేసే భాగాలు) పాడవకుండా పెట్రోలు ఆయిల్స్‌లో ఫాస్ఫరస్ తగ్గిస్తూ వచ్చారు. 2004లో వచ్చిన ఎస్‌ఎం గ్రేడ్‌తో పలుచటి రకాలకి 0.08 శాతం పరిమితి పెట్టారు. కొత్త కార్లకి అది మంచిదే, ఈ పాత ఇంజన్లకి కాదు. అందుకే మేం అవి ఎక్కువుండే సీఐ-4 గ్రేడ్ 15డబ్ల్యూ-40 డీజిల్ ఇంజన్ ఆయిల్ పోశాం. స్టార్ట్ అయిన వెంటనే ఐడిల్లో వదలకుండా 2000 ఆర్పీఎం దగ్గర 20 నిమిషాలు నడిపాం, ఎందుకంటే లోబ్‌ల మీదికి నూనె చిమ్మాలంటే ఆ వేగం కావాలి. తర్వాత 15 థౌకి టాపెట్ సెట్టింగ్ చేశాం.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మాస్టారు బండి తెచ్చారు. చప్పుడు లేదు. అయినా మానిఫోల్డ్ విప్పి, పక్క మూత తీసి, నాలుగో టాపెట్ ఒక్కటి బయటికి తీస్తానన్నాను. మాస్టారు స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నారు. పుష్ రాడ్‌ని మెల్లగా కదిపి తీశాను, తొందరగా లాగితే నూనె జిగటకి టాపెట్ కూడా దానితో లేచి జారి పడుతుంది. వేలు లోపల పెట్టి టాపెట్‌ని పైకి తెచ్చి, గుడ్డతో తుడిచి, అడుగు ఆయన వైపు తిప్పాను. సన్నని వలయాలు ఒకదాని చుట్టూ ఒకటి, అంచు దాకా ఉన్నాయి. ఆయన కళ్లజోడు పైకెత్తి చాలాసేపు చూశారు. తర్వాత దాన్ని నూనె రాసి అదే బోరులో దించాను.